అంగిలి నొప్పి: కారణాలు, ఉపశమనం (తరచుగా అడిగే ప్రశ్నలు)

నోటి పైభాగంలో, అంటే అంగిలిలో, నొప్పి వచ్చినవారి సందేహాలు ఎప్పుడూ దాదాపు ఒకేలా ఉంటాయి. ఇది కాలిన గాయమా, నోటి పూతా, పంటి నుంచి వచ్చిందా, సైనస్ నుంచి దిగిందా, లేక నిజంగా భయపడవలసినదేనా అని అడుగుతారు. కంటికి సులువుగా కనిపించని చోటు కావడంతో, నాలుకతో తడిమి ఊహించుకునే కొద్దీ భయం పెరుగుతుంది. అలా పదే పదే వచ్చే ప్రశ్నలను నొప్పి సాగే దశల ప్రకారం ఇక్కడ చేర్చాను. ప్రతి సమాధానమూ దానికదే పూర్తిగా ఉంటుంది కనుక మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లవచ్చు. వైద్యుడు నోరు తెరిపించి చూసే పరీక్షకు ఏ రాతా బదులు కాదు. ఎప్పటిదాకా ఇంట్లో ఆగవచ్చో, ఎప్పుడు ఆగకూడదో తేల్చుకోవడానికి ఇది తోడ్పడితే చాలు.

## నొప్పి మొదలైన తొలి రోజుల్లో

అంగిలి కొంచెం గీసుకుపోయినా ఇంత నొప్పి ఎందుకు?

అంగిలిలో ముందువైపు సుమారు మూడింట రెండు వంతులు ఎముక మీద పరుచుకున్న గట్టి భాగం. వెనక మూడో వంతు కండరాలతో ఏర్పడిన మెత్తటి భాగం, దాని చివర వేలాడేదే కొండనాలుక. బుగ్గ లోపలి పొర కింద ఉన్నట్టుగా గట్టి అంగిలి పొర కింద వదులైన కణజాలం ఉండదు. ఆ పొర ఎముకకు గట్టిగా అతుక్కుని ఉంటుంది కాబట్టి, కొద్దిపాటి వాపు వచ్చినా విస్తరించడానికి చోటు లేక ఒత్తిడి పెరిగి బాధ ఎక్కువవుతుంది. దంతవైద్యుడు అంగిలిలో ఇచ్చే మత్తు ఇంజెక్షన్ మిగిలిన చోట్ల కంటే ఎక్కువ నొప్పి పెట్టడానికి కారణం కూడా ఇదే. పైగా మింగిన ప్రతిసారీ, మాట్లాడిన ప్రతిసారీ నాలుక అక్కడ తగులుతూనే ఉంటుంది. అందుచేత నొప్పి ఎంత ఉందన్నదాన్ని బట్టి జబ్బు ఎంత పెద్దదో కొలవకూడదు. చిన్నపాటి కాలిన గాయం కన్నీళ్లు తెప్పిస్తుంది, ప్రమాదకరమైన గడ్డ మాత్రం చాలాకాలం నొప్పి లేకుండానే ఉండవచ్చు.

వేడి టీ తాగితే ముందు పళ్ల వెనక పొర ఊడిపోయింది. మానడానికి ఎన్నాళ్లు పడుతుంది?

ఇలాంటి గాయాలు చాలావరకు 3 నుంచి 7 రోజుల్లో, కొంచెం లోతుగా కాలినవి 10 రోజుల్లో, మచ్చ లేకుండా మానిపోతాయి. నోటి లోపలి పొర ఒంటి చర్మం కంటే వేగంగా కొత్త కణాలను తయారుచేసుకుంటుంది. కాలిన పొర మొదట తెల్లబడి, ఒకటి రెండు రోజుల్లో పొరలు పొరలుగా ఊడి వస్తుంది. అది చూసి కంగారు పడనవసరం లేదు గానీ, దాన్ని గోటితోనో నాలుకతోనో లాగితే కింద పచ్చిగా ఉన్న చోటు మళ్లీ గాయపడుతుంది. కాలిన వెంటనే చేయవలసిన పని చల్లటి నీళ్లు నోట్లో పట్టి ఉంచడం. ఆ నీళ్లు వెచ్చబడగానే ఉమ్మివేసి మళ్లీ చల్లటివి పట్టాలి, ఇలా కొన్ని నిమిషాలు చేయాలి. మంచు ముక్కను మాత్రం ఆ చోట నేరుగా అదిమి పెట్టకూడదు. మైక్రోవేవ్‌లో వేడి చేసిన పదార్థం బయట గోరువెచ్చగా అనిపించినా లోపల మరుగుతూ ఉండవచ్చు కనుక, కలిపి కాసేపు ఆగి తినడం మంచిది.

వేడిగా ఏమీ తినలేదు, అయినా అంగిలి గీరుకుపోయినట్టు ఉంది. ఎందుకు?

కరకరలాడే పదార్థాల అంచులు, ఎముక ముక్కలు, చేప ముళ్లు, టూత్‌బ్రష్ జారి తగలడం, స్ట్రా కొస గుచ్చుకోవడం మామూలు కారణాలు. పుల్లటి చప్పరింపు బిళ్లల్లో గరుకుదనమూ ఆమ్లమూ రెండూ ఉంటాయి కాబట్టి వరసగా నాలుగైదు తింటే పొర పచ్చిగా మారుతుంది. అనాసపండులో మాంసకృత్తులను విడగొట్టే బ్రోమెలైన్ అనే ఎంజైము ఉంటుంది, ఎక్కువగా తిన్నవారికి నోరు గీరుకుపోయినట్టు అనిపించడానికి అదొక కారణం. ముల్లు లేదా పెంకు లాంటిది లోపలే ఉండిపోయిందన్న అనుమానం ఉంటే ఇంట్లో పిన్నుతో తీయడానికి ప్రయత్నించవద్దు.

ముందు పళ్ల వెనక మధ్యలో గుండ్రటి బుడిపె వాచింది. ఇది కొత్తగా పుట్టిన గడ్డేనా?

పై ముందు పళ్లు రెండింటి వెనక, సరిగ్గా మధ్యలో, ప్రతి ఒక్కరికీ ఒక చిన్న బుడిపె ఉంటుంది. ఎముకలోంచి నరమూ రక్తనాళాలూ బయటికి వచ్చే రంధ్రాన్ని అది కప్పి ఉంచుతుంది. వేడి తగిలినా గట్టి పదార్థం గుచ్చుకున్నా ముందుగా వాచేది అదే కాబట్టి, అంతవరకూ గమనించని వారికి కొత్త గడ్డలా తోస్తుంది. సాధారణంగా వారం లోపల వాపు దిగిపోతుంది. దిగకపోయినా, అక్కడి నుంచి ఉప్పగా ద్రవం వస్తున్నట్టు అనిపించినా, ఎప్పుడో దెబ్బ తగిలిన ముందు పన్ను నల్లబడి ఉన్నా, దంతవైద్యునికి చూపించి ఎక్స్‌రే తీయించుకోవాలి. ఆ రంధ్రపు దారిలో నీటితిత్తి ఏర్పడడమూ, చచ్చిపోయిన పంటి వేరు దగ్గర చీము చేరడమూ పైకి ఇలాగే కనిపించవచ్చు.

చల్లటిది తినగానే అంగిలీ నుదురూ ఒక్కసారిగా పట్టేస్తాయి. ప్రమాదమా?

ప్రమాదం కాదు. అంగిలిలోని రక్తనాళాలు చలికి ముడుచుకుని వెంటనే వ్యాకోచించడం వల్ల అక్కడి నరం రేగుతుంది. అదే నరం నుదుటి నుంచీ కబురు మోస్తుంది గనుక నొప్పి నుదుట తెలుస్తుంది. నాలుకను అంగిలికి అదిమి పెట్టినా, గోరువెచ్చని నీళ్లు తాగినా నిమిషంలోపు సర్దుకుంటుంది.

తింటూ ఉండగా అంగిలి వెనక భాగంలో హఠాత్తుగా రక్తపు బొబ్బ లేచింది. ఏం చేయాలి?

మెత్తటి అంగిలి మీద క్షణాల్లో ముదురు ఎరుపు బొబ్బ లేచి, కాసేపటికి చిట్లి, పచ్చి పుండుగా మారి వారం పది రోజుల్లో మానిపోవడం కొందరిలో కనిపిస్తుంది. గట్టి పదార్థం ఒరుసుకోవడమే దీనికి సాధారణ కారణం. ఉబ్బసానికి స్టెరాయిడ్ ఇన్‌హేలర్ దీర్ఘకాలం వాడేవారిలో ఇది కొంచెం ఎక్కువ. బొబ్బ ఒక్కటే అయి, ఒంటి మీద మరెక్కడా కమిలిన మచ్చలు లేకపోతే చల్లటి నీళ్లతో పుక్కిలించి, మానేదాకా మెత్తటి ఆహారం తీసుకుంటే చాలు. బొబ్బ పెరుగుతూ గొంతుకు అడ్డుపడుతున్నట్టు ఉంటే ఆసుపత్రికి వెళ్లాలి. చిగుళ్ల నుంచి కూడా రక్తం వస్తున్నా, చర్మం మీద కారణం లేకుండా మచ్చలు లేస్తున్నా, రక్తం పలచబడే మందులు వాడుతున్నా అదే రోజు వైద్యుని కలిసి ప్లేట్‌లెట్ల సంఖ్య, రక్తం గడ్డకట్టే సమయం పరీక్షించుకోవాలి.

## కారణం అంతుపట్టనప్పుడు

ఇది మామూలు నోటి పూతా, హెర్పిస్ వైరస్ పుండా? ఎలా తెలుసుకోవాలి?

పుండు ఉన్న చోటే అన్నిటికంటే మంచి గుర్తు. మామూలు నోటి పూత కదిలే మెత్తటి పొర మీద వస్తుంది. బుగ్గలు, పెదవుల లోపలి వైపు, నాలుక అడుగు, మెత్తటి అంగిలి దాని స్థానాలు, ఎముకకు అతుక్కున్న గట్టి అంగిలి మీద అది అరుదు. అది గుండ్రంగా, మధ్యలో పసుపు తెలుపు రంగుతో, చుట్టూ ఎర్రటి అంచుతో ఉంటుంది. సెంటీమీటరు లోపు ఉన్నది 7 నుంచి 14 రోజుల్లో మానుతుంది. అంతకంటే పెద్దది మెత్తటి అంగిలి మీద వచ్చినప్పుడు 6 వారాల దాకా పట్టవచ్చు, మచ్చ కూడా మిగలవచ్చు. హెర్పిస్ తిరగబెట్టినప్పుడు దీనికి భిన్నంగా గట్టి అంగిలి మీదో చిగుళ్ల మీదో, సూదిమొనంత పుండ్లు గుంపుగా, సాధారణంగా ఒకే పక్కన వస్తాయి. వాటికి ముందు ఒక రోజు ఆ చోట జివ్వుమనడమో మండడమో ఉంటుంది. పంటి వైద్యం చేయించుకున్న రెండు మూడు రోజులకు, ఇంజెక్షన్ ఇచ్చిన చోటికి దగ్గరలో ఇలా రావడం తరచుగా చూసేదే. అది 7 నుంచి 10 రోజుల్లో తగ్గుతుంది. హెర్పిస్ అంటువ్యాధి కాబట్టి పుండ్లు మానేదాకా ముద్దులు పెట్టడం, ఎంగిలి గ్లాసులు పంచుకోవడం మానుకోవాలి, పసిపిల్లల విషయంలో మరీ జాగ్రత్త. స్టెరాయిడ్ పూత మందు మామూలు నోటి పూతకు మేలు చేస్తుంది కానీ హెర్పిస్‌ను ముదరబెట్టవచ్చు. రెంటినీ విడదీసి చూడాలని ఇంతగా చెప్పడం అందుకే.

పంటి నొప్పి లేదు, కానీ అంగిలిలో ఒక పక్క మెత్తగా వాచింది. పంటికీ దీనికీ సంబంధం ఉంటుందా?

ఉండే అవకాశం చాలా ఎక్కువ. ముందు పళ్లకు ఇరువైపులా ఉండే పక్క పళ్ల వేరు కొస అంగిలి వైపు వంగి ఉంటుంది, పై వరసలో వెనక నమిలే పెద్ద పళ్లకు ఉండే మూడు వేర్లలో ఒకటి నేరుగా అంగిలి వైపు దిగుతుంది. వీటి చుట్టూ చేరిన చీము బయటికి కాకుండా అంగిలి వైపు దారి చేసుకుంటుంది. పంటి లోపలి నరం చచ్చిపోయి ఉంటే ఆ పన్ను నొప్పి పెట్టదు. అందుకే పన్ను బాగానే ఉందనుకుంటారు. వాపు మధ్యగీతను దాటకుండా ఒక పక్కకే ఉండడం, నొక్కితే మెత్తగా ఉండి పోటు పెట్టడం, నోట్లో చేదుగా చీము రుచి తగలడం దీనికి గుర్తులు. పొరపాటున కూడా ఇంట్లో గుచ్చకూడదు. దంతవైద్యుడు చీము తీసి, రూట్ కెనాల్ చికిత్స చేయడమో పన్ను తీసివేయడమో చేస్తేనే ఇది నయమవుతుంది. చీము పగిలి నొప్పి తగ్గింది కదా అని ఆగిపోయినవారికి అది మళ్లీ నిండుతుంది.

జలుబు చేసినప్పుడే పై పళ్లూ అంగిలీ లాగుతాయి. సైనస్ వల్లేనా?

చెంప ఎముక లోపలి సైనస్‌కు అడుగు భాగం పై దవడ పళ్ల వేర్లకు ఆనుకుని ఉంటుంది, కొందరిలో మధ్యన పలుచని ఎముక పొర మాత్రమే ఉంటుంది. సైనస్‌లో చీమూ చీమిడీ నిండినప్పుడు ఆ ఒత్తిడి పళ్లకూ అంగిలికీ పాకుతుంది. ఒక్క పన్ను కాక వరసగా రెండు మూడు పళ్లు ఒకేసారి లాగడం, ముందుకు వంగినా మెట్లు దిగినా పోటు ఎక్కువవడం, ముక్కు దిబ్బడ, చెంప బరువు ఉంటే సైనస్ కారణం కావచ్చు. ఆవిరి పట్టడం, ఉప్పునీటి ముక్కు చుక్కలు ఉపశమనాన్ని ఇస్తాయి. ముక్కు కడగడానికి కాచి చల్లార్చిన నీరో డిస్టిల్డ్ నీరో మాత్రమే వాడాలి. ఒకే పక్క నుంచి దుర్వాసనతో చీమిడి కారుతుంటే మాత్రం పై పంటి చీమే సైనస్‌లోకి ఎక్కి ఉండవచ్చు. అప్పుడు పంటికి చికిత్స చేయకుండా సైనస్ తగ్గదు.

అంగిలి మీద తెల్లటి పొర కట్టి మంటగా ఉంది. ఏమై ఉంటుంది?

మెల్లగా గుడ్డతో తుడిస్తే ఆ పొర ఊడి, కింద ఎర్రగా కనిపిస్తే అది చాలావరకు కాండిడా అనే ఫంగస్. యాంటీబయాటిక్‌లు వాడిన తరవాత, స్టెరాయిడ్ ఇన్‌హేలర్ పీల్చి నోరు కడుక్కోనప్పుడు, మధుమేహం అదుపులో లేనప్పుడు, నోరు ఎండిపోయినప్పుడు, రోగనిరోధక శక్తి తగ్గినప్పుడు, పసిపిల్లల్లో ఇది వస్తుంది. నిస్టాటిన్, క్లోట్రిమజోల్, మైకోనజోల్ వంటి ఫంగస్ మందులను వైద్యుడు చెప్పినన్ని రోజులు వాడాలి. రక్తం పలచబడడానికి వార్ఫరిన్ వాడేవారు మైకోనజోల్ జెల్ వాడకూడదు, రక్తస్రావం ప్రమాదకరంగా పెరుగుతుంది. ఇన్‌హేలర్ పీల్చిన ప్రతిసారీ పుక్కిలించి ఉమ్మివేయడం ఒక్కటే చాలామందికి మళ్లీ రాకుండా ఆపుతుంది. తుడిచినా ఊడని తెల్ల మచ్చ వేరే సంగతి, దాన్ని దంతవైద్యునికి తప్పక చూపించాలి.

కట్టుడు పళ్ల సెట్టు కింద అంగిలి ఎర్రబడింది. సెట్టు సరిపోలేదా?

సెట్టు వదులై ఒరుసుకోవడం ఒక కారణం, రాత్రింబవళ్లు తీయకుండా ఉంచుకోవడం అంతకంటే పెద్ద కారణం. సెట్టు అచ్చు ఎంత మేర ఉంటే అంత మేర ఎరుపు కనిపిస్తుంది, చాలాసార్లు నొప్పి కంటే మంటే ఎక్కువ. రాత్రి సెట్టు తీసి బ్రష్‌తో తోమి నీళ్లలో వేయాలి, అంగిలిని కూడా మెత్తటి బ్రష్‌తో సున్నితంగా శుభ్రం చేయాలి. ఫంగస్ మందు నోటికి ఒక్కదానికే వాడి సెట్టును వదిలేస్తే అదే సెట్టు నుంచి మళ్లీ అంటుకుంటుంది.

అంగిలి మధ్యలో ఎముకలా గట్టి బుడిపె తగులుతోంది. క్యాన్సరా?

సరిగ్గా మధ్యగీత మీద, రాయిలా గట్టిగా, పైన మామూలు రంగు పొరతో ఉండి, ఏళ్ల తరబడి మారకుండా ఉన్నది చాలావరకు ఎముక సహజంగా ఉబ్బిన భాగం. దీన్ని టోరస్ అంటారు. ఇది చాలామందిలో, పురుషుల్లో కంటే స్త్రీలలో ఎక్కువగా ఉంటుంది, క్యాన్సర్‌గా మారదు. దాని మీది పొర పలుచన కాబట్టి గట్టి పదార్థం తగిలి పుండు పడినప్పుడు మొదటిసారి దృష్టికి వస్తుంది. కట్టుడు పళ్లకు అడ్డుపడితే తప్ప తీయనక్కర లేదు. మధ్యగీతకు పక్కగా, రబ్బరులా లేదా మెత్తగా, నొప్పి లేకుండా పెరుగుతున్న గడ్డను దీనితో పోల్చుకుని ధైర్యం తెచ్చుకోవద్దు. అంగిలిలో చిన్న చిన్న లాలాజల గ్రంథులు వందల కొద్దీ ఉంటాయి, వాటిలో పుట్టే గడ్డలు అక్కడే కనిపిస్తాయి.

అద్దంలో చూస్తే ఏమీ లేదు, కానీ రోజంతా కాలినట్టు మంట. నేను ఊహించుకుంటున్నానా?

లేదు, ఈ మంట నిజమైనదే. పైకి ఏ మార్పూ కనిపించకుండా నాలుక కొస, పెదవులు, అంగిలి ముందు భాగం నెలల తరబడి మండే స్థితి ఒకటి ఉంది, నెలసరి ఆగిన స్త్రీలలో ఎక్కువ. పొద్దున తక్కువగా ఉండి సాయంత్రానికి పెరగడం, తింటున్నప్పుడు కొంత తగ్గడం, రుచి మారడం దీని తీరు. అది అని తేల్చే ముందు ఐరన్, బి12, ఫోలిక్ ఆమ్లం లోపాలు, మధుమేహం, థైరాయిడ్, ఫంగస్, నోరు ఎండబెట్టే మందులు లేవని చూసుకోవాలి. కారణం దొరికితే దానికి చికిత్స ఉంటుంది. దొరకకపోతే నరాల సున్నితత్వాన్ని తగ్గించే మందులూ, నొప్పితో బతకడం నేర్పే మానసిక చికిత్సా కొందరికి మేలు చేస్తాయి. “ఏమీ లేదు, మనసు మీదే” అని ఇంట్లోవాళ్లు తేలిగ్గా తీసిపారేయడం ఈ బాధితులను మంట కంటే ఎక్కువ కుంగదీస్తుంది.

ముఖంలో ఒక పక్కే మండి, తరవాత అంగిలిలో అదే పక్క బొబ్బలు వచ్చాయి. ఏమిటిది?

సరిగ్గా మధ్యగీత దగ్గర ఆగిపోయే బొబ్బలు సర్పికి, అంటే చిన్నప్పటి ఆటలమ్మ వైరస్ నరంలో దాగి మళ్లీ రేగడానికి, గట్టి గుర్తు. బొబ్బలు రాకముందు రెండు మూడు రోజులు అది పంటి నొప్పిలాగే ఉండవచ్చు. వైరస్ మందులు బొబ్బలు మొదలైన 72 గంటల్లోపు ప్రారంభిస్తే ఎక్కువ ఫలితం ఉంటుంది కాబట్టి రేపు చూద్దామనుకోవద్దు. కన్ను ఎర్రబడినా, నుదుటి మీద లేదా ముక్కు కొస మీద బొబ్బ లేచినా అదే రోజు కంటి వైద్యునికీ చూపించాలి.

బాబుకు జ్వరం, అంగిలి వెనక చిన్న పుండ్లు, ఏమీ మింగడం లేదు. ఏం చేయాలి?

పిల్లల్లో మెత్తటి అంగిలి మీద, కొండనాలుక చుట్టూ ఎర్రటి అంచుతో చిన్న పుండ్లు, హఠాత్తుగా జ్వరం రావడం ఎక్కువగా కాక్సాకీ వైరస్‌ల పని. అరచేతుల్లో, అరికాళ్లలో కూడా పొక్కులు ఉండవచ్చు. వారం పది రోజుల్లో దానంతట అదే తగ్గుతుంది, యాంటీబయాటిక్‌లు పనిచేయవు. అసలు ప్రమాదం పుండ్ల వల్ల కాదు, నొప్పికి జడిసి పిల్లవాడు నీళ్లు మానేయడం వల్ల వస్తుంది. చల్లటి నీళ్లు, పాలు చెంచాతో కొంచెం కొంచెంగా తరచూ పట్టాలి, పుల్లటి రసాలు మంట పుట్టిస్తాయి కాబట్టి వద్దు. బరువును బట్టి వైద్యుడు చెప్పిన మోతాదులో పారాసిటమాల్ ఇచ్చి, అరగంట తరవాత తాగిస్తే మింగడం తేలికవుతుంది. ఆస్పిరిన్ ఇవ్వకూడదు. ఏడ్చినా కన్నీళ్లు రాకపోవడం, 8 గంటలుగా మూత్రం పోయకపోవడం, మగతగా పడి ఉండడం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

నేను సిగరెట్లు తాగుతాను. అంగిలి తెల్లబడి మధ్యలో ఎర్ర చుక్కలు ఉన్నాయి. మానితే పోతాయా?

పొగ వేడికి పొర మందమై తెల్లబడుతుంది, ఎర్ర చుక్కలు వాచిన లాలాజల గ్రంథుల నోళ్లు. పొగ మానేస్తే ఇది చాలావరకు కొన్ని వారాల్లో మామూలు స్థితికి వస్తుంది. మానిన తరవాత కూడా మిగిలిన మచ్చను పరీక్ష చేయించాలి. చుట్ట మండే కొసను నోటి లోపల ఉంచుకుని తాగేవారి సంగతి వేరు. వారిలో అంగిలి క్యాన్సర్ ముప్పు బాగా ఎక్కువ కాబట్టి నొప్పి లేకపోయినా చూపించుకోవాలి.

## ఇంట్లో ఉపశమనం

ఉప్పు నీళ్లు ఎంత గాఢంగా ఉండాలి, రోజుకు ఎన్నిసార్లు పుక్కిలించాలి?

ఒక గ్లాసు, అంటే సుమారు 240 మిల్లీలీటర్ల గోరువెచ్చని నీటిలో అర టీస్పూను ఉప్పు చాలు. ఎక్కువ వేస్తే త్వరగా మానుతుందన్నది అపోహ, గాఢమైన ఉప్పునీరు పచ్చి పుండును ఇంకా మండిస్తుంది. అరనిమిషం నోట్లో ఉంచి, తల కొంచెం వెనక్కి వాల్చి అంగిలికి తగిలేలా తిప్పి ఉమ్మివేయాలి. రోజుకు మూడు నాలుగు సార్లు, ముఖ్యంగా తిన్న తరవాత చేయాలి. ఉప్పు మరీ మంటగా ఉంటే అంతే నీటిలో అర టీస్పూను వంట సోడా కలిపి పుక్కిలించవచ్చు.

నొప్పి మాత్రను నొప్పి ఉన్న చోటే నలిపి పెట్టుకుంటే త్వరగా తగ్గుతుందంటారు. నిజమా?

అది చాలా హానికరమైన పద్ధతి. ఆస్పిరిన్ మాత్ర ఆమ్లం కాబట్టి తగిలిన చోట పొరను తెల్లగా కాల్చివేస్తుంది, ఒక నొప్పికి రెండోది తోడవుతుంది. మాత్ర మింగితేనే పనిచేస్తుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవారు పారాసిటమాల్ ఒక్కో మోతాదుకు 500 మిల్లీగ్రాముల నుంచి 1 గ్రాము వరకు, మోతాదుల మధ్య కనీసం 4 గంటల వ్యవధితో వేసుకోవచ్చు. 24 గంటల్లో మొత్తం 4 గ్రాములు దాటకూడదు. కాలేయ వ్యాధి ఉన్నవారు, మద్యం అలవాటు ఉన్నవారు, బరువు బాగా తక్కువ ఉన్నవారు ఇంకా తగ్గించాలి. జలుబు మాత్రల్లోనూ పారాసిటమాల్ ఉంటుందని మరచిపోవద్దు. కడుపులో పుండు, కిడ్నీ జబ్బు ఉన్నవారూ గర్భిణులూ ఐబుప్రోఫెన్‌ను వైద్యుని అడగకుండా వాడకూడదు.

లవంగ నూనె, తేనె రాయవచ్చా?

చిక్కటి లవంగ నూనె కొద్దిసేపు తిమ్మిరి పుట్టిస్తుంది కానీ పచ్చి పొరను కాలుస్తుంది. అంగిలి పుండు మీద నేరుగా రాయడాన్ని నేను సమర్థించలేను. తేనె పలుచగా రాస్తే హాయిగా ఉంటుంది, కాకపోతే ఏడాది నిండని పిల్లలకు తేనె అసలు ఇవ్వకూడదు.

మందుల షాపులో దొరికే జెల్‌లు, మౌత్‌వాష్‌లు వాడవచ్చా?

లిడోకెయిన్ లాంటి తిమ్మిరి జెల్ భోజనానికి ముందు కొద్దిగా రాస్తే తినడం సులువవుతుంది. అయితే ఎక్కువ రాస్తే గొంతు కూడా తిమ్మిరెక్కి పొలమారే ప్రమాదం ఉంది. బెంజోకెయిన్ ఉన్న జెల్‌ను 2 సంవత్సరాల లోపు పిల్లలకు వాడకూడదు, రక్తం ఆక్సిజన్‌ను మోసే శక్తిని అది అరుదుగానైనా ప్రాణాంతకంగా తగ్గించగలదు. ఆల్కహాల్ ఉన్న మౌత్‌వాష్ పుండును మండిస్తుంది. క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ పుండులో సూక్ష్మజీవులు చేరకుండా కాపాడుతుంది. రోజుకు రెండుసార్లు, పళ్లు తోమిన అరగంట తరవాత, వారం పది రోజులకు మించకుండా వాడాలి. ఎక్కువ రోజులు వాడితే పళ్లకు గోధుమరంగు పట్టి రుచి మారుతుంది.

మానేదాకా ఏం తినాలి?

చల్లగా లేదా గోరువెచ్చగా, మెత్తగా, చప్పగా ఉన్నది ఏదైనా తినవచ్చు. పులుపు, కారం, కరకరలాడేవి, మద్యం వద్దు. నీళ్లు ఎక్కువగా తాగాలి, ఎండిన పొర ఆలస్యంగా మానుతుంది. తోముకోవడం మానకూడదు, మెత్తటి కుచ్చు ఉన్న బ్రష్ వాడితే చాలు.

## తగ్గనప్పుడు, వైద్యుని దగ్గర

ఎన్ని రోజులు ఆగి చూడవచ్చు?

రోజురోజుకూ తగ్గుతున్న గాయాన్ని 2 వారాలు గమనించవచ్చు. 2 వారాలు దాటినా మానని పుండును, చెరపలేని ఎర్ర మచ్చను, తెల్ల మచ్చను, గడ్డను, అది నొప్పి పెడుతున్నా పెట్టకపోయినా, దంతవైద్యునికి చూపించాలి. 3 వారాలకు మించి ఏ కారణంతోనూ వాయిదా వేయకూడదు. మొదటి రోజే ఫోన్ వెలుతురులో ఒక ఫొటో తీసి, మూడు రోజులకొకసారి మళ్లీ తీసి పక్కపక్కన పెట్టి చూడండి. నాలుక ప్రతి పుండునూ దాని అసలు పరిమాణం కంటే పెద్దదిగా చూపిస్తుంది, ఫొటో అలా చూపదు.

ఏ లక్షణాలు ఉంటే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి?

ఊపిరి అందకపోవడం, సొంత ఉమ్మి కూడా మింగలేక కారిపోవడం, నోరు తెరవలేకపోవడం, కొండనాలుక లేదా నాలుక హఠాత్తుగా ఉబ్బడం, పంటి వాపు కంటి వైపుగానీ మెడ వైపుగానీ పాకడం, వాపుతో పాటు చలిజ్వరం ఉంటే రాత్రి అయినా ఆగకూడదు. గొంతు నొప్పి ఒక పక్కకే మళ్లి, మెత్తటి అంగిలి ఆ వైపు ఉబ్బి, కొండనాలుక రెండో వైపుకు నెట్టుకుపోయి, మాట ముద్దగా వస్తుంటే టాన్సిల్ వెనక చీము చేరి ఉంటుంది. దాన్ని అదే రోజు తీయాలి.

దంతవైద్యుడి దగ్గరికా, చెవి ముక్కు గొంతు వైద్యుడి దగ్గరికా?

గట్టి అంగిలి, పళ్లు, కట్టుడు పళ్ల సమస్యలకు ముందు దంతవైద్యుడు సరైనవాడు. మెత్తటి అంగిలి, గొంతు, ముక్కు లక్షణాలకు చెవి ముక్కు గొంతు వైద్యుడు. తేల్చుకోలేకపోతే ఇద్దరిలో త్వరగా దొరికేవారి దగ్గరికి వెళ్లండి.

యాంటీబయాటిక్ తెచ్చి వేసుకుంటే సరిపోదా?

కాలిన గాయం, నోటి పూత, వైరస్ పుండు, ఫంగస్ ఏవీ యాంటీబయాటిక్‌తో తగ్గవు, ఫంగస్ పెరుగుతుంది కూడా. పంటి చీముకు సైతం చీము బయటికి తీయడమే అసలు చికిత్స, మందు దానికి తోడు మాత్రమే.

ముక్క పరీక్ష చేయాలన్నారు. అంటే క్యాన్సర్ అని అనుమానమేనా?

కంటితో చూసి తేల్చలేని దాన్ని తేల్చడానికే ముక్క పరీక్ష. అంగిలిలో ఒక చిత్రమైన జబ్బు ఉంది. లాలాజల గ్రంథికి రక్తం అందక ఆ భాగం చచ్చి, లోతైన గుంటలాంటి పుండు పడుతుంది. అది చూపుకు క్యాన్సర్‌లాగే ఉండి కూడా 6 నుంచి 10 వారాల్లో చికిత్స లేకుండానే మానిపోతుంది. దాన్నీ క్యాన్సర్‌నూ వేరుచేసేది ముక్క పరీక్ష ఒక్కటే. ఆ చోట తిమ్మిరెక్కించి చిన్న ముక్క తీస్తారు, పుండు వారం పది రోజుల్లో మానుతుంది. ముక్క తీస్తే క్యాన్సర్ పాకుతుందన్న భయంతో పరీక్షను తప్పించుకునేవారు ఉన్నారు. ఆ భయానికి ఆధారం లేదు, ఆలస్యం వల్ల కలిగే నష్టం మాత్రం నిజం.

పై దవడ పన్ను తీయించాక నీళ్లు తాగితే ముక్కులోకి వస్తున్నాయి. ఎందుకు?

పంటి వేరు సైనస్‌కు ఆనుకుని ఉండడంతో, పన్ను తీసిన చోట రెంటి మధ్య రంధ్రం పడి ఉంటుంది. చిన్నదైతే దానంతట అదే మూసుకుంటుంది. ముక్కు గట్టిగా చీదవద్దు, స్ట్రాతో పీల్చవద్దు, తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మాలి. పన్ను తీసిన వైద్యునికి ఒకటి రెండు రోజుల్లోనే తెలియజేయాలి, పెద్ద రంధ్రాన్ని కుట్లు వేసి మూయవలసి ఉంటుంది.

## తగ్గిన తరవాత

పూత మానుతుంది, మళ్లీ నెల తిరక్కుండా వస్తుంది. ఎలా ఆపాలి?

ముందుగా రక్తపరీక్షలో హిమోగ్లోబిన్, ఐరన్, బి12, ఫోలిక్ ఆమ్లం చూడాలి. లోపం ఉంటే అది సరిచేయగానే పూత రావడం తగ్గుతుంది. టూత్‌పేస్ట్‌లో నురగ తెప్పించే సోడియం లారిల్ సల్ఫేట్ కొందరికి పడదు, అది లేని పేస్టును రెండు నెలలు వాడి చూడడంలో నష్టం లేదు. విరిగిన పంటి అంచు, గుచ్చుకునే క్లిప్పు ఉంటే నునుపు చేయించాలి. పూతతో పాటు కీళ్ల నొప్పులు, కళ్లు ఎర్రబడడం, మర్మాంగాల మీద పుండ్లు, దీర్ఘకాలపు విరేచనాలు ఉంటే నోటితో ఆగకుండా పూర్తి పరీక్ష చేయించుకోవాలి. బొబ్బలు చిట్లి పొర పొరలుగా ఊడుతూ నెలల తరబడి మానకపోవడం పెంఫిగస్ అనే జబ్బుకు తొలి గుర్తు కావచ్చు, చర్మం మీద బొబ్బలు రావడానికి ముందే అది చాలాసార్లు నోట్లో మొదలవుతుంది.

పుండు మానింది, కానీ ఆ చోట స్పర్శ సరిగా తెలియడం లేదు. నాలుక మాటిమాటికీ అక్కడికే పోతోంది.

లోతుగా కాలిన గాయం తరవాత కొన్ని వారాలు మొద్దుబారినట్టు ఉండడం, ఆ చోటు గరుకుగా అనిపించడం సహజం. నాలుకతో రుద్దే అలవాటే ఆ గరుకుతనాన్ని నిలబెడుతుంది కాబట్టి దృష్టి మళ్లించాలి. గాయమేమీ లేకుండా వచ్చిన తిమ్మిరి, లేదా తగ్గకుండా మెల్లగా విస్తరిస్తున్న తిమ్మిరి మాత్రం నరం వెంట పాకే గడ్డకు గుర్తు కావచ్చు. అక్కడ నొప్పి గానీ పుండు గానీ లేకపోయినా దాన్ని ఈ వారంలోనే వైద్యునికి చూపించండి.